ఫోన్ చేస్తే కదిలే మనుషులు కావాలి

గల్ఫ్‌లోని మన సేవా సంఘాల్లో కొత్తవాళ్లు చేరాలన్నా, చేరినవాళ్లు నిలవాలన్నా ఏం చేయాలి?

కువైట్‌లో శుక్రవారం మధ్యాహ్నం మాలియా వైపు వెళ్తే చెవినిండా తెలుగే వినిపిస్తుంది. రాయచోటి, రాజంపేట, కడప వాళ్లు, గోదావరి జిల్లాల అక్కలు బస్సులు దిగి వస్తుంటారు. ఇంటికి డబ్బు పంపేవాళ్లు కొందరు. ఊరికి పోయేవాళ్ల చేతికి సామాను ఇచ్చేవాళ్లు కొందరు. ఊరికే నాలుగు మాటలు మాట్లాడుకుందామని వచ్చేవాళ్లు మరికొందరు. దుబాయ్‌లో సోనాపూర్, అల్ ఖూజ్ క్యాంపులకు సెలవు రోజున వెళ్లినా అంతే. అక్కడ కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల మాట వినిపిస్తుంది.

ఇంతమంది ఉన్నారు, సంఘాలకూ తక్కువ లేదు. ఉగాదికి బ్యానర్ కడితే వందల మంది వస్తారు. రక్తదానం అంటే క్యూ కడతారు. కానీ మంగళవారం రాత్రి పదకొండింటికి ఆస్పత్రి నుంచి ఫోన్ వస్తే బండి తీసేది మాత్రం ప్రతిసారీ ఆ నలుగురే. మన భాషలో 'ఆ నలుగురు' అంటే ఎవరో వేరే చెప్పక్కర్లేదు. పరాయి దేశంలో ఆ మాట మరీ నిజం.

ఆ నలుగురిలో ఒకరు ఊరికి వెళ్లిపోతే ముగ్గురవుతారు. మరొకరికి కంపెనీ మారితే ఇద్దరు. ఇలా కరిగిపోయిన సంఘాలు ప్రతి గల్ఫ్ దేశంలోనూ ఉన్నాయి. బ్యానర్ ఉంటుంది, వాట్సాప్ గ్రూపులో వందల నంబర్లు ఉంటాయి, పని చేసే మనిషి మాత్రం దొరకడు. కాబట్టి సభ్యులను చేర్చుకోవడం, నిలుపుకోవడం సంఘం పెద్దల పరువుకు సంబంధించిన సంగతి కాదు. కష్టంలో ఉన్న కూలీ ఫోన్ చేసినప్పుడు అవతల ఎవరైనా ఎత్తుతారా లేదా అన్నదే అసలు సంగతి.

ఒక్క చావు, పది కాగితాలు

సంఘం ఎందుకు అని అడిగేవాళ్లకు ఒక్క ఉదాహరణ చాలు. క్యాంపులో ఒకాయన నిద్రలోనే పోయాడనుకోండి. శవం ఇంటికి చేరాలంటే ఆస్పత్రి నుంచి మరణ ధ్రువపత్రం రావాలి. పోలీసుల నుంచి అభ్యంతరం లేదనే కాగితం రావాలి. కఫీల్ లేదా కంపెనీ సంతకం పెట్టాలి. ఇంటి దగ్గర భార్యో తల్లిదండ్రులో సమ్మతి పత్రం పంపాలి. ఎంబసీలో మరణం నమోదు చేయించి పాస్‌పోర్టు రద్దు చేయించాలి. శవం పాడుకాకుండా మందు పెట్టించి, దానికీ సర్టిఫికెట్ తీసుకోవాలి. విమానంలో కార్గో బుక్ చేయాలి. అక్కడ హైదరాబాద్‌లోనో మరో ఎయిర్‌పోర్టులోనో దించుకుని ఊరికి చేర్చే బండి సిద్ధంగా ఉండాలి.

ఇందులో ఏ కాగితం దేని తర్వాతో తెలిసిన మనిషి ఒక్కడుంటే రోజుల్లో అయిపోయే పని ఇది. తెలిసినవాళ్లు లేకపోతే వారాలు పడుతుంది. ఆ వారాలు ఇంటి దగ్గర వాళ్లకు ఎలా గడుస్తాయో మనకు తెలుసు.

2024 జూన్ 12 తెల్లవారుజామున కువైట్‌లోని మంగఫ్‌లో కూలీలు ఉండే భవనంలో మంటలు లేచాయి. దాదాపు 50 మంది చనిపోయారు. వారిలో 40 మందికి పైగా భారతీయులే, ఆంధ్రప్రదేశ్ వాళ్లు కూడా ఉన్నారు. గుర్తుపట్టడానికి డీఎన్‌ఏ పరీక్షలు చేయాల్సి వచ్చింది. మృతదేహాలను భారత వాయుసేన విమానంలో కొచ్చికి తీసుకెళ్లారు. అలాంటి రోజున మొదట వచ్చే ప్రశ్న ఒక్కటే: ఏ గదిలో ఎవరు ఉంటున్నారు? వాళ్ల ఇంటి ఫోన్ నంబర్ ఎవరి దగ్గర ఉంది? ఈ ప్రశ్నకు జవాబు ఎంబసీ కంటే ముందు పక్క గది మనిషి దగ్గర ఉంటుంది. ఆ పక్క గది మనిషి సంఘం సభ్యుడైతే ఆ జవాబు చేరాల్సిన చోటికి తొందరగా చేరుతుంది.

మనవాళ్లు ఎందుకు చేరరు?

"మనవాళ్లలో ఐకమత్యం లేదు" అని తేలిగ్గా అనేస్తాం. అసలు కారణాలు వేరే ఉన్నాయి. క్యాంపులో కూర్చుని అడిగితే ఎవరైనా ఇవే చెబుతారు.

మొదటిది టైం. ఆరు రోజులు ఎండలో పనిచేసినవాడికి ఏడో రోజు బట్టలు ఉతుక్కోవాలి, వారానికి సరిపడా వండుకోవాలి, పిల్లలతో వీడియో కాల్ మాట్లాడాలి. అప్పు ఉన్నవాడు ఆ రోజూ ఓటీకి పోతాడు. అలాంటివాడిని మూడు గంటల మీటింగుకు రమ్మంటే రాడు.

రెండోది భయం. "సంఘం అంటే కంపెనీకి తెలిస్తే పంపించేస్తారేమో" అనే అనుమానం. గల్ఫ్ దేశాల్లో చాలాచోట్ల కార్మిక సంఘాలకు, గుంపుగా చేరడానికి కట్టుబాట్లు ఉన్నాయి కాబట్టి ఈ భయం ఉత్తిదేం కాదు. సేవా సంఘం వేరు, యూనియన్ వేరు అని మొదటే విడమరిచి చెప్పకపోతే ఆ మనిషి రెండోసారి ఫోన్ ఎత్తడు.

మూడోది డబ్బు. చేరగానే సభ్యత్వ రుసుం, పండగకు చందా, పెద్దల సన్మానానికి చందా అంటే "ఇదీ ఒక ఖర్చేనా" అనిపిస్తుంది.

నాలుగోది మర్యాద. స్టేజీ మీద కుర్చీలు వ్యాపారులకు, పెద్ద ఉద్యోగులకు. శాలువాలూ వాళ్లకే. కుర్చీలు మోసింది, వంట చేసింది, చివరకు ఊడ్చింది కూలీలు. ఫొటోలో వాళ్లు ఉండరు. ఒకసారి ఇలా జరిగితే నోరు మూసుకుని పని చేస్తారు. రెండోసారి రారు.

ఐదోది గుంపులు. నీది ఏ జిల్లా, ఏ పార్టీ, మీవాళ్లెవరు అనే ఆరా. కులం పేరు నోటితో అడగరు గానీ ఇంటిపేరు అడుగుతారు. ఆ ప్రశ్న వినగానే కొత్తవాడికి తన స్థానం ఎక్కడో అర్థమైపోతుంది.

ఈ ఐదింటిలో ఏదీ ఉపన్యాసంతో పోయేది కాదు. పద్ధతి మారితేనే పోతుంది.

చేరమని అడిగే ముందు ఒక మేలు చేయండి

కొత్త మనిషి దగ్గరికి రసీదు పుస్తకంతో పోవద్దు. ఒక ప్రశ్నతో పోండి: "అన్నా, నీ పాస్‌పోర్టు కాపీ, సివిల్ ఐడీ కాపీ ఇంట్లో ఎవరి దగ్గరైనా ఉన్నాయా?" చాలామంది దగ్గర లేదనే జవాబే వస్తుంది. అక్కడే కూర్చుని ఫోన్‌తో ఫొటో తీయించి, ఆయన భార్యకో తమ్ముడికో పంపించండి. ఐదు నిమిషాల పని. ఆ ఐదు నిమిషాల్లో మీరు ఆయనకు పనికొచ్చే మనిషి అయ్యారు.

తర్వాత ఒక చిన్న కార్డు రాయించండి. పేరు, ఊరు, మండలం, కంపెనీ పేరు, కఫీల్ పేరు, గది ఉన్న బిల్డింగ్, బ్లడ్ గ్రూపు, ఇంట్లో ఇద్దరి ఫోన్ నంబర్లు. ఒక కాపీ ఆయన పర్సులో, ఒకటి ఇంట్లో. మూడోది సంఘం దగ్గర, అదీ ఆయన ఒప్పుకుంటేనే. ఈ కార్డు పేర్లను గ్రూపులో పెట్టకూడదు, బయటివాళ్లకు ఇవ్వకూడదు. ఎవరి దగ్గర ఉంటుందో ముందే చెప్పాలి.

ఇంకో సంగతి కూడా చెప్పండి. ఈసీఆర్ పాస్‌పోర్టుతో ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తీసుకుని వచ్చినవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంటుంది. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా అంగవైకల్యం వచ్చినా రూ.10 లక్షల బీమా. రెండేళ్లకు రూ.275, మూడేళ్లకు రూ.375 ప్రీమియం, దాని మీద పన్ను. ఏజెంటు కట్టేసి ఉంటాడు, కానీ పాలసీ కాగితం ఎక్కడుందో చాలామందికి తెలియదు. గడువు అయిపోయిందని అసలే తెలియదు. పాలసీ నంబర్ వెతికి ఇంటికి పంపించి, గడువు తీరిపోతే మళ్లీ కట్టించడం ఏ సంఘమైనా చేయగల సేవ. స్టేజీ అవసరం లేదు, చందా అవసరం లేదు.

ఇవన్నీ అయ్యాక, "మేం ఫలానా సంఘం వాళ్లం, నెలకోసారి కలుస్తాం" అని చెప్పండి. అప్పుడు ఆయనే అడుగుతాడు, ఎప్పుడు కలుస్తారని.

ప్రతి మనిషికీ చేతనైన పని ఒకటి

సభ్యుడు నిలవకపోవడానికి పెద్ద కారణం పని లేకపోవడం. పేరు రాసుకున్నాం, గ్రూపులో చేర్చాం, ఆ తర్వాత రోజూ గుడ్ మార్నింగులు తప్ప ఇంకేం రావు. నెల తిరగకుండా ఆయన గ్రూపును మ్యూట్‌లో పెడతాడు.

మనలో ఎవరికి ఏం వచ్చో చూస్తే సంఘానికి కావాల్సినవన్నీ లోపలే ఉన్నాయి. బిల్డింగ్ హారిస్‌కు ఆ వీధిలో ఎవరెవరు ఉంటారో తెలుసు. ఇంటి డ్రైవర్‌కు దారులు తెలుసు, ఆస్పత్రి గేటు దగ్గర మాట్లాడగలిగేంత అరబ్బీ వచ్చు. ఆఫీస్ బాయ్‌కి కంపెనీ ముదీర్ మూడ్ తెలుసు. ఆన్‌లైన్ ఫారం నింపే కుర్రాడు ప్రతి క్యాంపులో ఒకడుంటాడు. మేస్త్రీ మాట ఇరవై మంది వింటారు. పదిహేనేళ్లుగా ఉన్న పెద్దాయనకు ఎంబసీ కౌంటర్ల సంగతి కంఠతా వచ్చు. ఎవరి పని వాళ్లకు అప్పగిస్తే చాలు.

అప్పగించేటప్పుడు మూడు సంగతులు గుర్తుంచుకోవాలి. పని చిన్నదై ఉండాలి: "నెలకు రెండుసార్లు ఆస్పత్రిలో ఉన్న మనవాళ్లను చూసి రా" అన్నంత చిన్నది. గడువు ఉండాలి: మూడు నెలలు, ఆ తర్వాత మరొకరికి. పని అయ్యాక ఏం జరిగిందో అందరికీ చెప్పాలి. "ఫలానా అన్న వెళ్లి చూసి వచ్చాడు, పేషెంటు కోలుకున్నాడు" అని రెండు మాటలు. శాలువా కంటే ఆ రెండు మాటలే మనిషిని నిలబెడతాయి.

పదవుల సంగతి కూడా అంతే. ఒకే ఆయన పదేళ్లు అధ్యక్షుడిగా ఉంటే రెండో మనిషి తయారవ్వడు. ఆయన వీసా క్యాన్సిల్ అయిన రోజున సంఘమూ క్యాన్సిల్ అవుతుంది. గల్ఫ్‌లో ఎవరి బతుకూ శాశ్వతం కాదు కాబట్టి ప్రతి పనికీ ఇద్దరు ఉండాలి: చేసేవాడు ఒకడు, పక్కన నేర్చుకునేవాడు ఒకడు.

ప్రపంచమంతా పేరున్న రోటరీ క్లబ్ కథ కూడా ఇలాంటిదే. చిన్న ఊరిలో పెరిగిన పాల్ హారిస్ అనే లాయరు షికాగో మహానగరంలో ఒంటరితనం భరించలేక, 1905 ఫిబ్రవరి 23న మరో ముగ్గురితో కలిసి కూర్చున్నాడు. వారం వారం ఒకరి ఆఫీసు తర్వాత మరొకరి ఆఫీసులో వంతులవారీగా కలిసేవారు కాబట్టి రోటరీ అని పేరు పెట్టుకున్నారు. హాలు లేదు, స్టేజీ లేదు. మనం కూడా హాలు కోసం వెతకడం మానేసి ఈ నెల ఈ గదిలో, వచ్చే నెల ఆ గదిలో పదిమంది చొప్పున కలిస్తే సరిపోతుంది. గది వాళ్లు చాయ్ పెడతారు. ఎవరి గదికి మనం వెళ్లామో వాళ్లు మనవాళ్లైపోతారు.

బయటికి రాలేని అక్కల సంగతి

మన సంఘాల్లో పెద్ద లోటు ఇదే. ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లు వేల సంఖ్యలో ఉన్నారు, కమిటీల్లో మాత్రం కనబడరు. వాళ్లు రాకపోవడానికి ఇష్టం లేకపోవడం కారణం కాదు, గేటు.

చట్టం ఏం చెబుతుందో ముందు తెలుసుకుందాం. కువైట్‌లో ఇంటి పనివాళ్ల కోసం 2015లో 68వ నంబరు చట్టం వచ్చింది. రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు, మధ్యలో విశ్రాంతి ఇవ్వాలి. వారానికి ఒక రోజు సెలవు. ఏడాదికి జీతంతో సెలవు. పని ముగించి వెళ్లేటప్పుడు ఏడాదికి ఒక నెల జీతం చొప్పున ఇవ్వాలి. మనిషి అనుమతి లేకుండా పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదు. కనీస జీతం 60 దీనార్లని 2016లో నిర్ణయించారు. ఖతర్‌లో 2017 నాటి 15వ నంబరు చట్టం ఇంటి పని రోజుకు 10 గంటలకు మించకూడదంటుంది. అక్కడ 2021 మార్చి నుంచి కనీస వేతనం 1,000 రియాళ్లు ఇంటి పనివాళ్లకూ వర్తిస్తుంది.

కాగితం మీద వారం సెలవు ఉన్నా, నెలకోసారి కూడా గడప దాటని అక్కలు ఉన్నారు. అలాంటి అక్కకు మీటింగ్ పెట్టి లాభం లేదు. ఆమె దగ్గరికి సంఘం వెళ్లాలి. ఎలా?

ఒక దారి జోడీ పద్ధతి. బయటికి రాగలిగే ప్రతి అక్కకూ లోపల ఉండే ఒక అక్కను అప్పగించండి. వారానికి ఒక్క ఫోన్. "అక్కా, తిన్నావా, జీతం వచ్చిందా, ఒంట్లో బాగుందా?" ఈ మూడు ప్రశ్నలు చాలు. రెండు వారాలు వరుసగా ఫోన్ ఎత్తకపోతే ఆ సంగతి కమిటీకి తెలియాలి. మగవాళ్లు ఫోన్ చేయకూడదు. యజమాని ఇంట్లో మగ గొంతు వినిపిస్తే ఆమెకే ముప్పు.

చదవడం రాని అక్కలు చాలామంది కాబట్టి రాసిన మెసేజ్‌ల కంటే వాయిస్ మెసేజ్ మేలు. అదీ రెండు నిమిషాలకు మించకుండా, రాత్రి పని అయ్యాక వినేలా. ఒక వారం సెలవు గురించి, ఒక వారం జీతం రసీదు గురించి, ఒక వారం ఎంబసీకి ఎలా చేరాలో.

చర్చికి, గుడికి, బక్కాలాకు, డబ్బు పంపే దుకాణానికి వచ్చే అక్కలు ఉంటారు. బేబీని పార్కుకు తీసుకొచ్చే అక్కలు ఉంటారు. అక్కడ కలిసి మాట్లాడటానికి ఇద్దరు ఆడవాళ్లను నియమించండి. ఫొటో మాత్రం వద్దు. ఫేస్‌బుక్‌లో పెట్టిన ఒక్క ఫొటో ఇంట్లో మేడం కంట పడితే ఆ అక్క ఫోన్ లాగేసుకునే ప్రమాదం ఉంది. కష్టంలో ఉన్న మనిషి మొహం, పేరు, ఇంటి అడ్రస్ ఎప్పటికీ బయట పెట్టకూడదనేది మాట వరసకు కాదు, రాతపూర్వకంగా సంఘం నియమం కావాలి.

ఇంకో జాగ్రత్త. అక్క బాధ వినగానే "పారిపోయి వచ్చేయ్, మేం చూసుకుంటాం" అనకండి. పరారీ కేసు పడితే ఆమె హక్కులన్నీ చిక్కుల్లో పడతాయి. దాచిపెట్టినవాళ్ల మీదా కేసు అవుతుంది. ప్రాణభయం ఉంటే నేరుగా పోలీసులకో భారత ఎంబసీకో చేరేలా దారి చెప్పండి. ఎంబసీలో ఆశ్రయం, న్యాయ సహాయం అడిగే హక్కు ఆమెకు ఉంది. ఇంటి నుంచి కుటుంబసభ్యులు మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టవచ్చు. 2015 నుంచి నడుస్తున్న ఈ పోర్టల్‌లో ఇచ్చిన ఫిర్యాదుకు నంబర్ వస్తుంది, ఆ నంబర్‌తో వెంటపడవచ్చు.

చివరగా, కమిటీలో ఆడవాళ్లకు 'మహిళా విభాగం' అని పక్కన ఒక బెంచీ వేసి వదిలేయకండి. నిర్ణయాలు చేసే చోట ఇంటి పని చేసే అక్క ఒకరు కూర్చోవాలి. మీటింగ్ టైం ఆమెకు కుదిరేలా పెట్టాలి. అలా చేసిన రోజున ఇంకో పది మంది వస్తారు.

డబ్బు దగ్గర తేడా రాకూడదు

సంఘాలు విడిపోయేది పార్టీల వల్ల కంటే డబ్బుల వల్లే ఎక్కువ. దానికి తోడు ఇక్కడ చట్టం కూడా ఉంది. గల్ఫ్ దేశాల్లో అనుమతి లేకుండా చందాలు వసూలు చేయడం నేరం. యూఏఈలో 2021లో తెచ్చిన ఫెడరల్ చట్టం ప్రకారం లైసెన్సున్న సంస్థలు తప్ప ఇంకెవరూ విరాళాలు వసూలు చేయకూడదు. వాట్సాప్‌లో అకౌంట్ నంబర్ పెట్టి "తలా పది ఇవ్వండి" అనడం కూడా ఇందులోకే వస్తుంది. మంచి ఉద్దేశంతో చేశానంటే కేసు ఆగదు.

మరి కష్టమొచ్చినప్పుడు ఎలా? ముందుగా ఉన్న డబ్బు దగ్గరికి వెళ్లాలి. 2009లో మొదలైన ఇండియన్ కమ్యూనిటీ వెల్ఫేర్ ఫండ్ ప్రతి భారత ఎంబసీలో ఉంది. పాస్‌పోర్టు, వీసా, అటెస్టేషన్ సేవలకు కట్టే రుసుము మీద వేసే కొద్ది మొత్తమే ఆ నిధి. అంటే అందులో మన డబ్బు కూడా ఉంది. శవం ఇంటికి పంపడం, ఆశ్రయం, తిరుగు టికెట్, అత్యవసర వైద్యం, న్యాయ సహాయం లాంటి వాటికి అర్హులైనవారు దాన్ని అడగవచ్చు. కంపెనీ కట్టాల్సింది కంపెనీ చేత కట్టించాలి. అది కుదరనప్పుడు ఈ నిధి. దరఖాస్తు రాసిపెట్టడం, కౌంటర్ దాకా తోడు వెళ్లడం సంఘం పని.

సంఘం పేరు మీద చీటీలు నడపడం, వడ్డీకి ఇవ్వడం, వీసాలు ఇప్పిస్తామనడం ఈ మూడూ పూర్తిగా నిషిద్ధం కావాలి. సంఘం పెద్దే వీసా ఏజెంటు అయితే కూలీ తన జీతం గొడవ ఎవరికి చెప్పుకోవాలి? కమిటీలోకి తీసుకునే ముందు ఈ ప్రశ్న అడిగి తీరాలి.

సభ్యత్వ రుసుం విషయంలోనూ నిదానం కావాలి. ఎంబసీ దగ్గర నమోదై, స్థానిక చట్టం ఒప్పుకునే పద్ధతిలో నడిచే సంఘమైతేనే రుసుం మాట ఎత్తాలి. అప్పుడు కూడా పైసాతో సహా లెక్క రాసి నెల నెలా అందరూ చూసేలా పెట్టాలి. జీతం రానివాడికి రుసుం అడగకూడదు. జీతం లేని నెలలోనే కదా మనిషికి సంఘం కావాల్సింది.

హక్కు తెలిస్తే మనిషి మళ్లీ వస్తాడు

నెలకు ఒక్క హక్కు నేర్పే సంఘానికి సభ్యుల కొరత ఉండదు. ఎండాకాలం వచ్చిందంటే మధ్యాహ్న విరామం గురించి చెప్పండి. కువైట్‌లో జూన్ 1 నుంచి ఆగస్టు చివరి దాకా ఉదయం 11 నుంచి సాయంత్రం 4 వరకు, యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు, ఖతర్‌లో జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3:30 వరకు బయట ఎండలో పని చేయించకూడదు.

ఇంకో నెల ఓటీ లెక్క. కువైట్ ప్రైవేటు రంగ చట్టం, అంటే 2010 నాటి 6వ నంబరు చట్టం ప్రకారం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు పని. ఆపైన చేస్తే గంట జీతానికి 25 శాతం కలిపి ఇవ్వాలి. వారం సెలవు రోజున చేయిస్తే 50 శాతం కలిపి, బదులుగా మరో రోజు సెలవు. ఇది 18 నంబర్ వీసా వాళ్లకు. ఖాదిమ్ వీసా, అంటే 20 నంబర్ మీద ఉన్నవాళ్లకు పైన చెప్పిన ఇంటి పనివాళ్ల చట్టం వర్తిస్తుంది. మీటింగులో తలా ఒక కాగితం, పెన్ను ఇచ్చి ఎవరి ఓటీ వాళ్లే లెక్క వేసుకోమనండి. ఉపన్యాసానికి నిద్రపోయేవాడు కూడా తన జీతం లెక్క అంటే నిటారుగా కూర్చుంటాడు. వచ్చే నెల పక్క మంచం మనిషిని వెంటబెట్టుకుని వస్తాడు.

ఊరికి వెళ్లినవాళ్లు కూడా సభ్యులే

క్యాన్సిల్ కొట్టించుకుని ఇంటికి వెళ్లిన మనిషిని గ్రూపు నుంచి తీసేస్తాం. అక్కడే నష్టపోతున్నాం. రాయచోటిలోనో మెట్‌పల్లిలోనో ఉన్న పాత సభ్యుడు చేయగలిగిన పనులు ఇక్కడున్నవాళ్లు చేయలేరు. ఇక్కడ శవం విమానం ఎక్కితే, అక్కడ ఎయిర్‌పోర్టులో దించుకోవడానికి మనిషి కావాలి. ఊరికి చేర్చడానికి ఉచిత అంబులెన్స్ ఏర్పాటు రెండు రాష్ట్రాల్లోనూ ఉంది. ఆంధ్రప్రదేశ్ వాళ్లు ఏపీఎన్‌ఆర్‌టీ సొసైటీని, తెలంగాణ వాళ్లు రాష్ట్ర ప్రభుత్వ ఎన్నారై విభాగాన్ని ముందుగా అడగాలి.

తెలంగాణలో 2023 డిసెంబరు 7 నుంచి గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబాలకు రూ.5 లక్షల ఎక్స్‌గ్రేషియా ఇస్తున్నారు. కలెక్టర్‌కు దరఖాస్తు పెట్టాలి. గడువు లోపల పెట్టాలి. భర్త పోయిన దుఃఖంలో ఉన్న ఆడమనిషికి ఈ సంగతి ఎవరు చెబుతారు? గల్ఫ్ నుంచి వచ్చేసిన పాత సభ్యుడు చెప్పాలి. ఆయనకు మన కాగితాలూ తెలుసు, ఆమె ఇంటికి దారీ తెలుసు.

కొత్తగా వీసా తీసుకున్న కుర్రాడికి అగ్రిమెంట్ చదివి చెప్పేది, ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్‌లో చూసిపెట్టేది కూడా ఆయనే. అలా ఊళ్లోనే పరిచయమైన కుర్రాడు ఇక్కడ విమానం దిగేసరికే సంఘం మనిషి అయి ఉంటాడు. సభ్యులను చేర్చుకోవడానికి ఇంతకంటే మంచి చోటు లేదు.

గొడవ వస్తే

వస్తుంది. ఎన్నికల కాలంలో మరీ వస్తుంది. గ్రూపులో పార్టీ పోస్టులు, కులం మాటలు, మతం మాటలు వద్దని ఒక్క నియమం పెట్టి, అధ్యక్షుడికి కూడా అదే వర్తింపజేయండి. ఎవరికి ఏ పార్టీ ఇష్టమో వాళ్ల సొంత ఫోన్‌లో చూసుకోవచ్చు. స్టేజీ మీదికి ఏ నాయకుడు వచ్చినా సంఘం బ్యానర్ కింద పార్టీ కండువా పడకూడదు.

మీ జిల్లాకు వేరే సంఘం ఉంటే తగువు పెట్టుకోవద్దు. ఆస్పత్రి పని ఒకరు, ఎంబసీ పని ఒకరు, ఇంటి పని అక్కల ఫోన్లు ఒకరు అని పంచుకోండి. ఆస్పత్రి మంచం మీద ఉన్నవాడు వచ్చినవాళ్ల బ్యానర్ రంగు చూడడు.

వచ్చే సెలవు రోజున మొదలుపెట్టాల్సినవి

ఇవన్నీ ఒకేసారి చేయాలని కాదు. ఒక గదిలో ఐదుగురు కూర్చుంటే ఈ పనులు మొదలవుతాయి:

— ఐదుగురూ ముందు తమ సొంత కార్డులు రాసుకుని, కాపీలు ఇంటికి పంపాలి.

— ఒక్కొక్కరూ ఇద్దరి చొప్పున పక్క గదుల్లో పది మందికి అదే పని చేసిపెట్టాలి. చేరమని అడగొద్దు.

— బయటికి రాగలిగే ఒక అక్కను పిలిచి, జోడీ ఫోన్లు మొదలుపెట్టించాలి.

— ఆస్పత్రి, ఎంబసీ, కాగితాలు, ఫోన్లు అనే నాలుగు పనులకు ఇద్దరిద్దరి పేర్లు రాసి, మూడు నెలల గడువు పెట్టాలి.

— ఊరికి వెళ్లిపోయిన ముగ్గురు పాతవాళ్లకు ఫోన్ చేసి, మండలానికి ఒకరు చొప్పున బాధ్యత అడగాలి.

— వచ్చే నెల ఎవరి గదిలో కలవాలో లేచి వెళ్లేముందే చెప్పుకోవాలి.

మూడు నెలలయ్యాక ఎన్ని పేర్లు చేరాయో లెక్కపెట్టకండి. రాత్రిపూట ఫోన్ వస్తే ఎత్తేవాళ్లు ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టండి. నలుగురు ఎనిమిది మంది అయ్యారంటే మీ సంఘం నిలబడినట్టే.